ప్రభుత్వ వాహనముల ఖర్చు – పొదుపు మార్గములు

ప్రతి ఉదయము మన కళాశాల గంట మ్రోగుటకు ముందే ఎన్నో పల్లెల నుండి బస్సులు బయలుదేరును. వానిలో మన విద్యార్థినీ విద్యార్థులుందురు. ఆసుపత్రికి పోవు వృద్ధులు, మదనపల్లె మార్కెట్టుకు వచ్చు టమాటా రైతులు, పుంగనూరు, కుప్పము కార్యాలయములలో పనిచేయు చిన్న ఉద్యోగులు కూడ ఉందురు. బస్సు రానినాడు మనకు కోపము వచ్చును. వచ్చిననాడు దానిని నడుపుటకు ఎంత ఖర్చయినదో మనము ఆలోచింపము.

వాణిజ్యశాస్త్ర తరగతిలో ఒకనాడు మేము, "బస్సు ఒక కిలోమీటరు నడచుటకు ఎంత ఖర్చగును?" అని అడిగితిమి. దాదాపు అందరును లీటరు డీజిలు ధరను, లీటరుకు నడచు కిలోమీటర్లతో భాగించి జవాబు చెప్పిరి. డ్రైవరు జీతము, టైరు అరుగుదల, బండి విలువలో తరుగుదల, కదలక నిలిచిన బండికి సైతము కట్టవలసిన బీమా ఎవరికిని తోచలేదు. ఈ పొరపాటు విద్యార్థులకు మాత్రమే పరిమితము కాదు. ఖర్చు తగ్గించవలెనని ఉత్తరువులు వచ్చినపుడు పెద్ద కార్యాలయములలో సైతము ఇట్టి లెక్కయే వేయబడుట కలదు. కావున ఈ విషయమును మొదటినుండి క్రమముగా తెలిసికొందము.

1. వాహన సముదాయము అనగానేమి?

ఒకే యజమాని ఆధీనములో ఉండి, ఒకే లెక్కలో చేరు బండ్లన్నియు కలిసి వాహన సముదాయమగును. ప్రభుత్వమునకు ఇట్టి సముదాయములు అనేకము. రెవిన్యూ అధికారి జీపు, పోలీసు బండి, 108 అంబులెన్సు, పురపాలక సంఘపు చెత్త ట్రాక్టరు, నీటి ట్యాంకరు – ఇవన్నియు ప్రజల పన్నుతో నడచునవియే. వీనిలో మనకు నిత్యము కనుపించునది, లెక్కల పద్ధతి బాగుగా ఏర్పడినది ఆర్.టి.సి. బస్సు. అందువలన దానినే ముఖ్యమైన ఉదాహరణముగా తీసికొందుము.

1932 జూన్ నెలలో నిజాం రాష్ట్ర రైలు మరియు రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైనది. ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత, 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టము ననుసరించి 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. బస్సుల సంఖ్యలో ప్రపంచమున పెద్ద సంస్థగా 1999లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట సంస్థయు రెండైనది. 2020 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్ ఆర్.టి.సి. ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులుగా ప్రజా రవాణా శాఖలో చేరిరి. బస్సులు, డిపోలు మాత్రము సంస్థ పేరనే నిలిచినవి. కావున జీతముల లెక్క ప్రభుత్వమునకును, బండ్ల లెక్క సంస్థకును సంబంధించియున్నది. ఈ భేదమును వ్యయశాస్త్ర విద్యార్థి గుర్తుంచుకొనవలెను. జీతములు ఖజానా నుండి చెల్లినంత మాత్రమున బస్సు నడపు ఖర్చు తగ్గినట్లు కాదు. అది ఒక పుస్తకము నుండి మరొక పుస్తకమునకు మారినది, అంతియే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము – ఈ మూడు ఊళ్లలోను ఆర్.టి.సి. డిపోలు కలవు. 42వ సంఖ్య గల జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పముల మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోవును. ఒకే దారిపై ఉన్నను మూడింటి పరిస్థితి ఒకటి కాదు. మదనపల్లె నుండి తిరుపతికి పోవలెనన్న భాకరాపేట ఘాటు దాటవలెను. పలమనేరు నుండి చిత్తూరు పోవు బండి మొగిలి ఘాటు దిగవలెను. కుప్పము మూడు రాష్ట్రములు కలియు మూలనున్నది. ఇట్టి తావులలో ఒకే లెక్కను అన్ని డిపోలకు కట్టబెట్టిన న్యాయము కానేరదు.

2. కదిలిన ఖర్చు, కదలని ఖర్చు

వాహనము ఖర్చు రెండు విధములు. బండి కదిలినను కదలకున్నను పడునది స్థిర వ్యయము. సిబ్బంది జీతము, తరుగుదల, బీమా, డిపో నిర్వహణము ఇందులోనివి. బండి కదిలిన కొలది పెరుగునది అస్థిర వ్యయము. డీజిలు, ఇంజను ఆయిలు, టైర్లు, విడిభాగములు ఇందులోనివి.

ఒక కల్పిత ఉదాహరణము తీసికొందము. అంకెలు పాఠము కొరకు మేము ఎన్నుకొన్నవే గాని ఏ డిపోకును చెందినవి కావు. ఒక బస్సు దినమునకు 300 కిలోమీటర్లు నడచుననుకొందము. దాని స్థిర వ్యయము దినమునకు 9,000 రూపాయలు. లీటరుకు 5 కిలోమీటర్ల చొప్పున 60 లీటర్ల డీజిలు పట్టును. లీటరు 95 రూపాయలైన డీజిలుకు 5,700 రూపాయలగును. టైర్లు, ఆయిలు, విడిభాగములకు 900 రూపాయలు. అస్థిర వ్యయము మొత్తము 6,600, అనగా కిలోమీటరుకు 22 రూపాయలు. రెండును కలిపిన 15,600 రూపాయలు. కిలోమీటరుకు 52 రూపాయలు పడినది.

ఇప్పుడు ఖర్చు తగ్గించు నెపమున ఒక పల్లె ట్రిప్పు రద్దు చేసి 240 కిలోమీటర్లు మాత్రమే నడిపిరనుకొందము. తగ్గిన 60 కిలోమీటర్లకు 52 చొప్పున 3,120 రూపాయలు మిగిలినవని పైకి తోచును. కాని అది భ్రమ. స్థిర వ్యయము 9,000 అట్లే యున్నది. మిగిలినది కిలోమీటరుకు 22 చొప్పున 1,320 రూపాయలు మాత్రమే. మొత్తము ఖర్చు 14,280 అయినది. దానిని 240తో భాగించిన కిలోమీటరుకు 59 రూపాయల 50 పైసలు వచ్చును. పొదుపు చేసితిమని చెప్పుకొన్న బండి, కిలోమీటరు లెక్కన మునుపటికంటె ప్రియమైనది!

ఈ ఒక్క లెక్క అర్థమైనచో ఈ వ్యాసములో సగము అర్థమైనట్లే. ట్రిప్పును రద్దు చేయుట అన్నిటికంటె సులభమైన ఉపాయము. అన్నిటికంటె తక్కువ మిగులు నిచ్చునదియు అదియే.

3. డీజిలు

అస్థిర వ్యయములో పెద్దభాగము డీజిలుదే. డిపోలలో దీనిని కె.ఎం.పి.ఎల్. అను కొలతతో చూతురు, అనగా లీటరు డీజిలుకు నడచిన కిలోమీటర్లు. పై ఉదాహరణములోని బస్సు 5 కిలోమీటర్లకు బదులు 5.2 కిలోమీటర్లు నడచినదనుకొనుడు. దినమునకు రెండుంబావు లీటర్ల పైచిలుకు మిగులును. సంవత్సరము పొడుగున సుమారు 840 లీటర్లు, అనగా 80 వేల రూపాయలు. నూరు బస్సులున్నచోట 80 లక్షలు. లీటరుకు కేవలము 200 మీటర్ల భేదము ఇంత పని చేయును. ఏ ట్రిప్పును ఆపనక్కరలేదు, ఏ ప్రయాణికుని దింపనక్కరలేదు.

ఆ 200 మీటర్లు ఎట్లు వచ్చును? డ్రైవరు కాలిలోను, మెకానిక్కు చేతిలోను ఉన్నవి. అనవసరముగా బ్రేకు వేసి, మరల వేగము పెంచుటలో డీజిలు వృథా యగును. బస్టాండులో నిలిచిన బండి ఇంజనును ఆపకుండుట, టైర్లలో గాలి తక్కువగా ఉండుట, గాలి వడపోయు ఫిల్టరు దుమ్ముతో నిండుట – ఇవి కంటికి కనబడని దొంగలు. గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల నిలకడైన వేగము పొదుపైనదని 1978లో స్థాపింపబడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘము వాహనదారులకు బోధించుచు వచ్చినది.

అయితే ఒక హెచ్చరిక అవసరము. ఘాటు ఎక్కు బస్సును, చదునైన నేలపై పోవు బస్సును ఒకే కె.ఎం.పి.ఎల్.తో తూచరాదు. ఘాటు దారి డ్రైవరును మందలించి, చదును దారి డ్రైవరును మెచ్చుకొనిన లెక్కకు విలువ పోవును. డ్రైవరునకు నమ్మకము పోవును. అదే దారిలో, అదే రకము బండితో, పోయిన నెల ఎంత వచ్చినది, ఈ నెల ఎంత వచ్చినది అని పోల్చుటయే సరియైన పద్ధతి.

ఇక డీజిలు కొనుగోలు సంగతి. ఎక్కువ సరకు కొనువానికి ధర తగ్గునని అర్థశాస్త్రము మొదటి పాఠములోనే చదువుకొందుము. డీజిలు విషయములో ఈ సూత్రము తలక్రిందులైన సందర్భములు కలవు. 2013 జనవరిలో కేంద్ర ప్రభుత్వము టోకు కొనుగోలుదారులకు రాయితీ తీసివేయగా, రవాణా సంస్థలు చిల్లర బంకు ధరకంటె హెచ్చు ధర చెల్లింపవలసి వచ్చినది. 2022లో ఉక్రెయిన్ యుద్ధము వలన ముడిచమురు ధర పెరిగినపుడు మరల అట్లే జరిగినది. చమురు కంపెనీలు చిల్లర ధరను కదల్పక, టోకు ధరను మాత్రము పెంచినవి. ఆ మార్చి నెలలో ఢిల్లీలో బంకు ధర లీటరుకు 86 రూపాయల 67 పైసలుండగా, టోకు ధర సుమారు 115 రూపాయలైనది. అప్పుడు మన ఆర్.టి.సి. సొంత డిపో పంపులను విడిచి, బస్సులను బయటి బంకులకు పంపినది. లారీల వెనుక ఎర్ర బస్సు వరుసలో నిలిచిన దృశ్యము చూచి కొందరు నవ్విరి. లెక్క తెలిసినవారు నవ్వలేదు.

ఈ సంగతికి కుప్పములో మరొక రూపము కలదు. పెట్రోలు, డీజిలు వస్తుసేవల పన్నులో చేరలేదు. ఒక్కొక్క రాష్ట్రము తన పన్ను తాను విధించును. ఇటీవలి సంవత్సరములలో కర్ణాటకలో డీజిలు మన రాష్ట్రముకంటె చౌకగా దొరకుచు వచ్చినది. సరిహద్దు వాసులకు ఇది తెలియనిది కాదు. మరి ప్రభుత్వపు బండి సరిహద్దు దాటి డీజిలు పోసికొని వచ్చిన లాభమేనా? లెక్క వేసి చూతము. లీటరుకు 8 రూపాయలు తక్కువని, 60 లీటర్లు పోయించిన 480 రూపాయలు మిగులును. అందుకై పోవుటకు 10, వచ్చుటకు 10 కిలోమీటర్లు ఖాళీగా తిరిగిన, కిలోమీటరుకు 22 చొప్పున 440 రూపాయలు పోవును. మిగిలినది 40 రూపాయలు. డ్రైవరు గంట సమయము అదనపు నష్టము. అదే బండి ప్రయాణికులతో ఎటులను బెంగుళూరు పోవునదైనచో మొత్తము 480 రూపాయలును లాభమే. చౌక ధర ఒక్కటియే పొదుపు కాదు. అది మన దారిలో ఉన్నదా లేదా అనునది కూడ చూడవలెను.

4. గ్యారేజి, టైరు

బండి చెడిన పిదప బాగుచేయుట వైద్యము. చెడకముందే చూచుట ఆరోగ్యము. ఆర్.టి.సి. డిపోలలో రోజువారీ, వారపు, నెలవారీ తనిఖీలు నియమముగా ఉండును. సాయంకాలము డిపో చేరిన డ్రైవరు బండి లోపమును పుస్తకములో వ్రాయును. రాత్రి మెకానిక్కు దానిని సరిచేయును. ఈ చిన్న వ్రాత ఎంత విలువైనదో గమనింపుడు. బ్రేకు శబ్దము చేయుచున్నదని డ్రైవరు వ్రాసిన దినమున సరిచేసిన కొద్ది ఖర్చుతో పోవును. వ్రాయనిచో, లేక వ్రాసినను చూడనిచో, బ్రేకు డ్రమ్ము పాడగును. దారిలో బండి ఆగును. ప్రయాణికులను ఎక్కించుకొనుటకు మరొక బండి పోవలెను. ఘాటు దారిలో అయినచో ప్రాణములకే ముప్పు వచ్చును.

టైరు విషయములో ఆర్.టి.సి. పద్ధతి ఇతర శాఖలకు ఆదర్శము. పై పొర అరిగిన టైరును పారవేయక, లోపలి కట్టు గట్టిగా ఉన్నదా యని పరీక్షించి, క్రొత్త రబ్బరు పొర వేయించి మరల వాడుదురు. దీనిని రీట్రెడింగు అందురు. క్రొత్త టైరు ధరలో కొద్ది భాగముతోనే పని జరుగును. కాని టైరు పూర్తిగా అరుగకముందే విప్పవలెను. లోపలి కట్టు బయటపడువరకు నడిపిన టైరు రీట్రెడింగునకు పనికిరాదు. ఇంకొక నెల నడిపితిమన్న సంతోషము, టైరు రెండవ జన్మనే పోగొట్టును. చక్రములు సరియైన వరుసలో లేని బండి టైరును ఒక ప్రక్కనే తినివేయును. ఒక బండి టైర్లు తరచుగా మారుచున్నచో టైరును కాదు, బండిని పరీక్షింపవలెను. ఈ సంగతి టైరు నంబరు వారీ లెక్క వ్రాసినప్పుడే బయటపడును.

5. ఖాళీ కిలోమీటరు, లాగ్ బుక్కు

డిపో నుండి మొదటి స్టేజి వరకు, చివరి స్టేజి నుండి డిపో వరకు ప్రయాణికులు లేక తిరుగు దూరమును డెడ్ కిలోమీటర్లు అందురు. పై ఉదాహరణములోని 300 కిలోమీటర్లలో 16 కిలోమీటర్లు ఇట్లు ఖాళీగా పోయినవనుకొందము. ప్రజలకు ఉపయోగపడినవి 284 మాత్రమే. 15,600 రూపాయలను 284తో భాగించిన, ఉపయోగపడిన కిలోమీటరుకు 55 రూపాయలు పడును. మన పూర్వులు దీనికి మంచి ఉపాయము కనుగొనిరి. అదియే నైట్ హాల్టు బస్సు. రాత్రి చివరి ట్రిప్పుతో పల్లె చేరి, అక్కడనే నిలిచి, తెల్లవారగనే పల్లెవారితో బయలుదేరు బస్సునకు ఖాళీ ప్రయాణమే లేదు. పల్లెకు మేలు, డిపోకు పొదుపు, రెండును ఒక్క పనిలో కలిసినవి.

ఆఫీసు జీపులలో ఖాళీ కిలోమీటరు మరొక వేషములో ఉండును. ముగ్గురు అధికారులు ఒకే దినమున, ఒకే మండలమునకు మూడు బండ్లలో పోవుట దీనికి చక్కని ఉదాహరణము. దీనిని పట్టియిచ్చునది లాగ్ బుక్కు. బయలుదేరినపుడు మీటరు అంకె, చేరినపుడు మీటరు అంకె, పోసిన డీజిలు, పోయిన పని, పోయినవారి సంతకము – ఈ అయిదు గడులు నింపుటకు రెండు నిముషములు చాలును. మీటరు పనిచేయని బండికి లాగ్ బుక్కు కథల పుస్తకమగును. కావున ప్రభుత్వ బండిలో మొదట బాగుచేయించవలసినది మీటరు. నేడు ఉపగ్రహముల ద్వారా బండి జాడ తెలుపు యంత్రములు వచ్చినవి. టోలుగేటు వద్ద 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగు తప్పనిసరియైనది. బండి ఎప్పుడు ఎక్కడ దాటినదో ఆ లెక్కయు చెప్పగలదు. అయినను యంత్రము చెప్పినదానిని లాగ్ బుక్కుతో సరిచూచువాడు లేనిచో రెండును వ్యర్థమే. ఉర్దూలో హిసాబు అనినను, తెలుగులో లెక్క అనినను, అడుగువాడున్నప్పుడే అది సరిగా ఉండును.

6. పాత బండిని ఎప్పుడు విడువవలెను?

బండి పాతబడిన కొలది ప్రతి సంవత్సరపు తరుగుదల తగ్గును, మరమ్మతు ఖర్చు పెరుగును. ఈ రెండింటి మొత్తమును సంవత్సరముల సంఖ్యతో భాగించి, సగటు ఎప్పుడు అన్నిటికంటె తక్కువగా ఉండునో చూడవలెను. మరొక కల్పిత లెక్క చూడుడు. 8 లక్షలకు కొనిన జీపును 5 సంవత్సరములకు అమ్మిన 3 లక్షలు వచ్చుననుకొందము. అప్పటికి మరమ్మతులు ఒకటిన్నర లక్ష. పోయిన విలువ 5 లక్షలతో కలిపి ఆరున్నర లక్షలు, సంవత్సరమునకు 1 లక్ష 30 వేలు. 10 సంవత్సరములకు అమ్మిన 1 లక్ష వచ్చును. మరమ్మతులు 5 లక్షలు. మొత్తము 12 లక్షలు, సంవత్సరమునకు 1 లక్ష 20 వేలు. 15 సంవత్సరములకు 40 వేలే వచ్చును. మరమ్మతులు 12 లక్షల 40 వేలకు పెరిగినవి. మొత్తము 20 లక్షలు, సంవత్సరమునకు 1 లక్ష 33 వేలు. మూడింటిలో పదేండ్లనాటి సగటే తక్కువ. తొందరపడి మార్చుటయు నష్టమే, పట్టుకొని వ్రేలాడుటయు నష్టమే.

ఈ లెక్క వేయని శాఖలకు చట్టమే హద్దు గీసినది. 2023 ఏప్రిల్ 1 నుండి 15 సంవత్సరములు నిండిన ప్రభుత్వ వాహనములకు రిజిస్ట్రేషను పునరుద్ధరణ లేదు. రాష్ట్ర రవాణా సంస్థల బస్సులు, పురపాలక సంఘముల బండ్లు కూడ ఈ నియమములోనికి వచ్చును. వానిని నమోదైన తుక్కు కేంద్రములకు పంపవలెను. దేశరక్షణ, శాంతిభద్రతలకు వాడు కొన్ని ప్రత్యేక వాహనములకు మాత్రమే మినహాయింపు కలదు. చాల కార్యాలయముల ఆవరణలో చెట్ల క్రింద గడ్డి మొలచిన జీపులను మనమందరము చూచియున్నాము. వేలము ఆలస్యమైన ప్రతి సంవత్సరము వాని ఇనుము తుప్పు పట్టి, వచ్చు ధరయు తగ్గుచుండును. కండెము చేసిన బండిని వెంటనే అమ్ముట కూడ పొదుపే.

7. సొంతమా? అద్దెయా?

ఆర్.టి.సి.లో సొంత బస్సులతోబాటు అద్దె బస్సులును కలవు. ఆఫీసులలోను అద్దె కారులు పెరిగినవి. అద్దె బండి వలన కొనుగోలు ధర, తరుగుదల, మరమ్మతు భారము తప్పును. కాని యజమాని లాభము మన ఖర్చులో చేరును. ప్రతి దినము ఎక్కువ దూరము తిరుగు పనికి సొంత బండి, అప్పుడప్పుడు పడు పనికి అద్దె బండి మేలని సాధారణ సూత్రము.

ఈ విషయములో మదనపల్లెకు ఒక క్రొత్త అనుభవము కలిగినది. తిరుపతి కేంద్రముగా 100 విద్యుత్ బస్సులను నడుపు పథకము 2022 సెప్టెంబరులో ప్రారంభమైనది. వానిలో 50 తిరుమల ఘాటు రోడ్డునకు, 14 రేణిగుంట విమానాశ్రయము నుండి తిరుమలకు, 12 చొప్పున కడప, నెల్లూరు, మదనపల్లెలకు కేటాయింపబడినవి. ఈ బస్సులు ఆర్.టి.సి. కొనినవి కావు. కేంద్రపు ఫేమ్ పథకము సాయముతో ప్రైవేటు సంస్థ బండిని, డ్రైవరును, మరమ్మతును సమకూర్చును. ఆర్.టి.సి. కండక్టరును పెట్టి చార్జీలు వసూలు చేసి, కిలోమీటరుకు ఇంత యని ఆ సంస్థకు చెల్లించును.

తిరుపతి సముద్రమట్టమునకు 200 మీటర్లలోపు ఎత్తుననుండగా, మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తుననున్నది. పీలేరు, వాయల్పాడుల మీదుగా నూటయిరువది కిలోమీటర్ల పైచిలుకు దారిలో విద్యుత్ బస్సు ఎక్కునపుడు బ్యాటరీని ఎక్కువగా ఖర్చు చేయును. దిగునపుడు బ్రేకు వేయగనే మోటారు విద్యుత్తును పుట్టించి కొంత బ్యాటరీకి తిరిగి యిచ్చును. డీజిలు బస్సు ఘాటు దిగునపుడు ఆ శక్తి యంతయు బ్రేకుల వేడిగా మారి వృథాయగును. కావున మన కొండదారులు విద్యుత్ బస్సునకు పూర్తిగా శత్రువులు కావు. అయితే ఇట్టి ఒప్పందములలో దినమునకు ఇన్ని కిలోమీటర్లని హామీ ఉండుట పరిపాటి. బస్సు నడపకున్నను ఆ హామీ మేరకు చెల్లింపవలసి రావచ్చును. అనగా మొదటి చూపునకు అస్థిర వ్యయముగా కనబడునది నిజమునకు స్థిర వ్యయమగును. ఒప్పందము చదువునపుడు విద్యార్థి ముందుగా వెదకవలసిన వాక్యము ఇదియే.

8. పొదుపు కానిది

ఇంతవరకు ఖర్చు తగ్గించు మార్గములు చెప్పితిమి. ఇక పొదుపువలె కనబడి పొదుపు కానిదానిని చెప్పవలెను.

2005 ఆగస్టు 15న మన రాష్ట్రములో 108 అంబులెన్సు సేవ ప్రారంభమైనది. ఒక అంబులెన్సు దినములో ఎన్నో గంటలు ఊరకనే నిలిచియుండవచ్చును. తిరిగిన కిలోమీటర్లతో తూచిన అది వృథా బండి. కాని పిలుపు వచ్చిన నిముషమున అది నిలిచియుండుటయే దాని పని. దానిని వేరు పనికి పంపి కిలోమీటర్లు పెంచినచో లెక్క అందముగా నుండును, రోగి మాత్రము దారిలోనే యుండును. అగ్నిమాపక శకటమునకును ఇదే న్యాయము. కావున ఏ బండిని ఏ కొలతతో తూచవలెనో ముందు నిర్ణయింపవలెను.

పల్లె బస్సునకు కొలత ఏది? చాలకాలము కిలోమీటరుకు వచ్చిన రాబడినే చూచిరి. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణము కల్పింపబడినది. కండక్టరు వారికి శూన్య ధర టికెట్టు ఇచ్చును. ఆ సొమ్మును ప్రభుత్వము భరించును. కొందరు, "డబ్బు రాని టికెట్టు కొట్టనేల?" అందురు. ఆ టికెట్టే లెక్కకు ఆధారము. ఎవరు ఎక్కడ ఎక్కిరి, ఎక్కడ దిగిరి అని తెలియనిచో ఏ పల్లెకు ఎన్ని బస్సులు కావలెనో తెలియదు, ప్రభుత్వము ఎంత చెల్లింపవలెనో తెలియదు. ఇకపై రాబడితోబాటు, ఒక ప్రయాణికుని ఒక కిలోమీటరు చేర్చుటకు ఎంత పడినది అను కొలతను కూడ ముందునకు తీసికొని రావలెను.

మాకు తెలిసిన ఒక పల్లె కలదు. పేరు చెప్పము. కొన్ని సంవత్సరముల క్రిందట ఆ పల్లెకు ఉదయము వచ్చు బస్సులో జనము తక్కువని ట్రిప్పు ఆపివేసిరి. పోను రాను 40 కిలోమీటర్లు. పైన చెప్పిన లెక్క ప్రకారము దినమునకు మిగిలినది 880 రూపాయలు. ఆ బస్సులో మన తరగతికి వచ్చు బాలికలు ముగ్గురుండిరి. కొన్నాళ్లు మూడు కిలోమీటర్లు నడచి పెద్దరోడ్డునకు వచ్చిరి. వానకాలము వచ్చినది. హాజరు పుస్తకములో వారి పేర్లకెదురుగా సున్నలు పెరిగినవి. తల్లిదండ్రులు అర్జీ పెట్టగా నాలుగు నెలలకు ట్రిప్పు తిరిగి వచ్చినది. ఈసారి బడివేళకు సరిపోవునట్లు అరగంట ముందునకు మార్చిరి. బస్సు నిండుగా రాసాగినది! జనము లేకపోవుటకు కారణము పల్లె కాదు, వేళ అని అప్పుడు తెలిసినది. కాని ముగ్గురిలో ఇద్దరే తిరిగి తరగతికి వచ్చిరి. మూడవ బాలికకు అప్పటికే పెండ్లియైనది.

దినమునకు 880 రూపాయలు ఏ పద్దులో మిగిలినవో డిపో పుస్తకములో ఉండును. ఆ బాలిక చదువు ఏ పద్దులోను లేదు. మేము ఆ నాటి అధికారిని నిందింపము. ఆయనకు ఇచ్చిన కొలత ఆయనను అట్లు చేయించినది. ట్రిప్పును రద్దు చేయుటకు ముందు వేళ మార్చి చూచితిమా, రెండు పల్లెలను కలిపి చూచితిమా, నైట్ హాల్టు పెట్టి చూచితిమా అని మూడు ప్రశ్నలు వేసికొనవలెనను నియమమున్నచో ఆ నాలుగు నెలలు పోకుండెడివి.

ముగింపు

ప్రభుత్వ వాహనముల ఖర్చు తగ్గించుట సాధ్యమే. కాని అది ఒక ఉత్తరువుతో అగునది కాదు. డ్రైవరు కాలు, మెకానిక్కు చేయి, గుమాస్తా కలము, అధికారి కన్ను – నాలుగును కలిసినప్పుడు లీటరుకు 200 మీటర్లు, టైరుకు మరొక జన్మ, లాగ్ బుక్కునకు సత్యము లభించును. సేవను తగ్గించి చూపిన పొదుపు ప్రజల జేబులోనికి త్రోసిన ఖర్చు. వృథాను తగ్గించి సాధించిన పొదుపే ప్రజలకు మిగులు. ఈ రెండింటిని వేరుచేసి చూపగలవాడే నిజమైన వ్యయశాస్త్రజ్ఞుడు.

ఈ పత్రిక చదువు విద్యార్థులకు చిన్న పని అప్పగింతుము. రేపు మీరు ఎక్కు బస్సులో ఎన్ని సీట్లున్నవి, ఎంతమంది ఉన్నారు, ఎక్కడ నిండినది, ఎక్కడ ఖాళీయైనది అని ఒక వారము దినములు నోటు పుస్తకములో వ్రాయుడు. పిదప ఆ వేళ మీ పల్లెకు సరియైనదేనా యని ఆలోచింపుడు. తప్పని తోచినచో ఆ కాగితమును మర్యాదగా డిపో మేనేజరుగారికి చూపుడు. లెక్కతో వచ్చిన అర్జీని త్రోసివేయుట ఎవరికిని సులభము కాదు.